గుంత పడకముందే: విశాఖలో వీధి తారు రోడ్డుకు పైపూత వేయించడం ఎలా

వానలు వెలిశాక ఒక ఉదయం మీ వీధి తారు రోడ్డు మీద చతికిలబడి, అరచేత్తో ఒకసారి గట్టిగా రాసి చూడండి. కొత్త రోడ్డైతే చేతికి ఏమీ రాదు. నాలుగైదేళ్లు దాటిన రోడ్డైతే సన్నటి ఇసుక, దాంతోపాటు శనగగింజంత రాళ్లు రెండు మూడు ఊడి వస్తాయి. ఆ రాళ్లను పట్టి ఉంచిన తారు ఎండకు ఎండిపోయి పట్టు వదిలేసిందన్నమాట. నిలబడి చూస్తే మాత్రం రోడ్డు బాగానే ఉంటుంది, ఒక్క గుంత కూడా కనిపించదు. పైపూత వేయించాల్సిన సమయం సరిగ్గా అదే. గుంతలు పడేదాకా ఆగితే పూత పనికిరాదు, తవ్వి మళ్లీ వేయాల్సిందే. ఆ ఖర్చు ముందు పూతకు అయ్యేదానికి ఎన్నో రెట్లు.

నేను మధురవాడ వైపు కొండవాలున్న ఒక లేఅవుట్‌లో ఉంటాను. మా లోపలి రోడ్లకు ఈ పని రెండుసార్లు దగ్గరుండి చేయించాను. మొదటిసారి వేసిన పూత మూడు నెలలకే అప్పడంలా పొరలుగా లేచిపోయింది. రెండోసారి వేసింది నిలబడింది. రెండిటికీ తేడా ఎక్కడుందో ఈ వ్యాసంలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటున్న కాలనీలు చాలా ఉన్నాయి.

అసలు రోడ్డు ఎందుకు పాడవుతుంది

తారులో కొంత నూనె స్వభావం ఉంటుంది. ఎండ, గాలి తగిలేకొద్దీ అది తగ్గి తారు గట్టిపడుతుంది, పెళుసవుతుంది. పెళుసైన తారు బండ్ల బరువుకు వంగలేక పగులుతుంది. పగుల్లోంచి నీరు కిందికి దిగి, కంకర పొరను, దాని కింద మట్టిని నానబెడుతుంది. నానిన నేల మీద నీళ్ల ట్యాంకర్ ఒక్కటి వెళ్తే చాలు, పైపొర కుంగి ముక్కలవుతుంది. అంటే గుంత పైనుంచి పడినట్టు కనిపిస్తుంది గానీ కింద నుంచి పుడుతుంది.

విశాఖలో దీనికి మరో రెండు తోడవుతాయి. ఒకటి వాలు. సీతమ్మధార, ఆరిలోవ, సింహాచలం కొండల పక్కన వాన పడితే నీరు కాలువ కోసం వెతుక్కోదు, రోడ్డునే కాలువ చేసుకుంటుంది. రెండోది ఎర్రమట్టి. మన కొండల్లో ఖొండలైట్ రాయి ఎక్కువ. అది శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ప్రతి వానకూ ఆ మట్టి కిందికి కొట్టుకొచ్చి రోడ్డు మీద పల్చగా పేరుకుంటుంది. ఎండాక చూస్తే దుమ్ములా ఉంటుంది, కానీ పౌడరు రాసుకున్న చేతికి ప్లాస్టర్ అంటనట్టే దాని మీద ఏ పూతా అంటుకోదు. మా మొదటి పూత లేచిపోవడానికి కారణం అదే.

మొదటి అడుగు: రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

జీవీఎంసీకి, అంటే విశాఖ నగరపాలక సంస్థకు చెందిన వీధి రోడ్డు మీద మనంతట మనం పూత వేయించకూడదు. అక్కడ మన పని అడగడం. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, రోడ్లు, కాలువలు చూసుకునేది ఆయనే. అర్జీ రాసి ఇవ్వండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు. "మా రోడ్డు బాగు చేయండి" అని రాస్తే ఆ కాగితం గుంతలున్న రోడ్ల కట్ట కిందికి పోతుంది. "రోడ్డు పొడవు ఇంత, వెడల్పు ఇంత, గుంతలు లేవు, పగుళ్లు మొదలయ్యాయి, పగుళ్లు పూడ్చి స్లర్రీ సీల్ గానీ మైక్రోసర్ఫేసింగ్ గానీ వేయించగలరు" అని రాయండి, ఫొటోలు జత చేయండి. ఈ రెండూ రోడ్డు మీద పల్చగా పరిచే పైపూతలు, ఐదో అడుగులో వివరిస్తాను. వాటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ ఎస్‌పీ 81 అనే ప్రమాణ పుస్తకం ఉంది. తారు రోడ్ల నిర్వహణకు ఐఆర్‌సీ 82 ఉంది. అర్జీలో ఆ నంబర్లు ఉంటే ఇంజనీరు గారికి అడుగుతున్నదేమిటో వెంటనే అర్థమవుతుంది.

అపార్ట్‌మెంట్ ప్రాంగణం, గేటెడ్ కమ్యూనిటీ, ఇంకా కార్పొరేషన్‌కు అప్పగించని లేఅవుట్ అయితే రోడ్డు అసోసియేషన్‌దే. కింద చెప్పేదంతా వాళ్లు నేరుగా చేయించుకోవచ్చు.

రెండో అడుగు: రోడ్డుకు పూత సరిపోతుందా, లేదా

సాయంత్రం ఎండ వాలుగా పడుతున్నప్పుడు నడవండి, పగుళ్లు బాగా కనిపిస్తాయి. చేతిలో సుద్దముక్క, టేపు, ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి.

పగులు వెడల్పు కొలవడానికి ప్రత్యేకంగా పరికరం అక్కర్లేదు. ఏటీఎం కార్డులు నాలుగు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారు 3 మిల్లీమీటర్లు. ఆ కట్ట పగుల్లోకి దూరకపోతే అది సన్న పగులు, పూతే దాన్ని మూస్తుంది. దూరితే విడిగా పూడ్చాలి.

ఒంటరి గీతల్లాంటి పగుళ్లకు భయం లేదు. ఎండిన చెరువు అడుగులా చిన్న చిన్న గళ్లుగా చీలి ఉంటే మాత్రం కింది పొర దెబ్బతిన్నట్టే. మడమతో తొక్కి చూడండి, ముక్కలు కదిలినా, వానాకాలంలో వాటి సందుల్లోంచి ఎర్రటి బురద పైకి ఉబికినా ఆ చోట పూత వేయడం వృథా. ముందు అంతవరకు కోసి, తవ్వి, కంకర దట్టించి మళ్లీ తారు వేయించాలి. రోడ్డు మొత్తంలో పావువంతు కంటే ఎక్కువ అలా ఉంటే పూత ఆలోచన మానుకుని, కొత్త పొరకే డబ్బు దాచుకోమని నేనైతే చెబుతాను.

నూనె మరకలు కూడా గుర్తించండి. ఆటో స్టాండు దగ్గర, జనరేటర్ పక్కన డీజిల్ కారిన చోట తారు మెత్తబడి వేలితో గీస్తే ఊడొస్తుంది. డీజిల్ తారును కరిగిస్తుంది. పైపైన మరకైతే డిటర్జెంట్ నీళ్లతో రుద్ది కడిగితే పోతుంది. మెత్తబడిపోతే ఆ ముక్క తీసేయాల్సిందే.

ఇంకొకటి, మన వీధుల్లో తప్పక ఉండేది: భోగి మంట మచ్చ. నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రంగా, బూడిద రంగులో, పెళుసుగా ఉంటుంది. ఆ వేడికి తారు మాడిపోయి రాళ్లు ఉత్తినే పేర్చినట్టు మిగులుతాయి. దాన్నీ గుంతలాగే లెక్కేసి ప్యాచ్ వేయించండి.

మూడో అడుగు: నీటికి దారి

ఇది చేయకుండా పూత వేస్తే కారుతున్న డాబాకు కింద సున్నం వేసినట్టు.

వాన పడుతుండగానే గొడుగు వేసుకుని వెళ్లండి. నీరు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ రోడ్డుకు అడ్డంగా పారుతోందో ఫోన్లో తీసుకోండి. మంచి రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు అంచులకు వాలుగా ఉంటుంది. మన వీధుల్లో ఆ వాలు ఉన్నా నీరు కాలువలోకి పోదు, ఎందుకంటే అంచున మట్టి, గడ్డి పెరిగి గట్టులా అడ్డుపడుతుంది. చాలా చోట్ల గేట్ల ముందు కట్టుకున్న ర్యాంపులు కూడా ఆనకట్టల్లా ఉంటాయి. మట్టి గట్టును పారతో చెక్కేయండి. ర్యాంపు కింద పైపు పెట్టించమని ఆ ఇంటివారిని మర్యాదగా అడగండి. మా దగ్గర ఒక పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. వాన వీడియో చూపించాక, "నా గేటు ముందు నీరే కదా ఇది, అలాగే చేయించండి బాబూ" అన్నారు. కాలువ పూడిక తీయించండి. తీసిన బురదను రోడ్డంచున పోయనివ్వకండి, రెండో రోజే ఎత్తించండి, లేకపోతే మొదటి వానకే అదంతా మళ్లీ కాలువలోకి పోతుంది.

నాలుగో అడుగు: గుంతలు, పగుళ్లు పూడ్చడం

గుంతను ఉన్న ఆకారంలో నింపకూడదు. చుట్టూ గట్టి తారు దొరికేదాకా చతురస్రంగా కోసి, అంచులు నిటారుగా ఉంచాలి. దుమ్ము పూర్తిగా ఊది, గోడలకు, అడుగుకు ఎమల్షన్ (నీళ్లలో కలిసి ఉండేలా చేసిన పల్చటి తారు) రాసి, మిశ్రమాన్ని పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. బస్తాల్లో దొరికే రెడీమేడ్ చల్లని మిశ్రమం చిన్న గుంతలకు బాగానే పనిచేస్తుంది. దానికి ఐఆర్‌సీ 116 ప్రమాణం ఉంది, కొనేటప్పుడు అడగండి. అది పూర్తిగా ఆరడానికి కనీసం రెండు మూడు వారాలు వదిలేయండి, ఆ తర్వాతే పైపూత.

వెడల్పు పగుళ్లలో మట్టిని సన్నటి ఇనప చువ్వతో గీకి, కంప్రెసర్ గాలితో ఊదాలి. తర్వాత రబ్బరు కలిపిన వేడి తారును పోయించడం అన్నిటికంటే మంచిది. అది దొరక్కపోతే ఎమల్షన్‌లో క్రషర్ డస్ట్ (కంకర ఆడించేటప్పుడు వచ్చే రాతిపొడి) కలిపి జారుగా చేసి నింపొచ్చు. పగులు అంచు వరకు నింపి చాలించండి, పైన ఉబ్బెత్తుగా పోస్తే టైరుకు అంటుకుని లేచొస్తుంది.

ఐదో అడుగు: ఏ పూత

ఇక్కడే ఎక్కువ మంది కాంట్రాక్టరు ఏది చెబితే అది ఒప్పుకుంటారు. మీరు తెలుసుకోవాల్సినవి నాలుగే.

ఫాగ్ సీల్ అంటే నీళ్లు కలిపిన ఎమల్షన్‌ను పల్చగా పిచికారీ చేయడం. ఎండిన తారుకు తలకు నూనె పెట్టినట్టు. చవక, తేలిక, కానీ ఒకటి రెండేళ్లే. పైగా రోడ్డును కొంచెం నున్నగా చేస్తుంది. అందుకే వాలు రోడ్ల మీద, మలుపుల్లో నేను వద్దంటాను. కైలాసగిరి కింద వీధుల్లాంటి చోట వానలో స్కూటీ జారితే ఎవరిది బాధ్యత? చదునుగా ఉండి, పైభాగం గరుకుగా, రాళ్లు తేలి ఉన్న రోడ్డుకు మాత్రమే ఇది.

స్లర్రీ సీల్ అంటే ఎమల్షన్, క్రషర్ డస్ట్, నీరు, కొద్దిగా సిమెంటు కలిపి దోశపిండిలా చేసి పరచడం. కొన్ని మిల్లీమీటర్ల మందం వస్తుంది. సన్న పగుళ్లు మూసుకుంటాయి, రోడ్డు గరుకుగా ఉంటుంది, మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది. చిన్న వీధికి మనుషులతో రబ్బరు వైపర్లు పెట్టి లాగించవచ్చు. విశాఖ వాలు వీధులకు నా ఓటు దీనికే.

మైక్రోసర్ఫేసింగ్ దాని అన్న. పాలిమర్ (రబ్బరులాంటి పదార్థం) కలిపిన ఎమల్షన్, ప్రత్యేకమైన యంత్రం. రెండు గంటల్లో బండ్లు వదలొచ్చు, ఐదు నుంచి ఏడేళ్లు వస్తుంది. కానీ ఒక్క వీధి కోసం ఆ యంత్రం రాదు. పక్క పక్క లేఅవుట్లు నాలుగు కలిస్తే అడగవచ్చు.

సర్ఫేస్ డ్రెస్సింగ్‌లో తారు చల్లి దాని మీద చిప్స్ (సన్న కంకర) పరిచి రోలర్ తిప్పుతారు. గట్టిదే, కానీ మొదటి కొన్ని రోజులు విడి రాళ్లు ఎగురుతాయి, టూవీలర్లు జారతాయి. పిల్లలు సైకిళ్లు తొక్కే లోపలి వీధులకు నేను తీసుకోను.

సీసీ రోడ్డుకు ఇవేవీ వద్దు. దాని బలహీనత పలకల మధ్య కీళ్లలో ఉంటుంది. కీళ్లలో మట్టి తీసి సీలెంట్ నింపించండి, అంతవరకే.

ఆరో అడుగు: లెక్క వేసుకోండి

కొటేషన్ రాకముందే మీ లెక్క మీ దగ్గర ఉండాలి. వీధి పొడవు 120 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు అనుకుందాం. మొత్తం 600 చదరపు మీటర్లు.

ఫాగ్ సీల్‌కు చదరపు మీటరుకు అర లీటరు నుంచి లీటరు దాకా, నీళ్లు కలిపిన ఎమల్షన్ పడుతుంది. అంటే 300 నుంచి 600 లీటర్లు. సగానికి సగం నీళ్లే కాబట్టి అసలు ఎమల్షన్ 150 నుంచి 300 లీటర్లు, 200 లీటర్ల డ్రమ్ములైతే ఒకటి లేదా రెండు. స్లర్రీ సీల్‌కు చదరపు మీటరుకు సుమారు 5 నుంచి 10 కిలోల క్రషర్ డస్ట్ లెక్కన 3 నుంచి 6 టన్నులు. రెండు డ్రమ్ములు పట్టే చోట ఒకటే దించి పని అయిపోయిందంటే, ఎక్కడ తగ్గించారో అడగడానికి ఈ లెక్క పనికొస్తుంది.

ఎమల్షన్ ఐఎస్ 8887 అనే భారత ప్రమాణం ప్రకారం ఉండాలి. డ్రమ్ము మీద గ్రేడు చదవండి. నీళ్లు కలిపి చల్లడానికి నెమ్మదిగా ఆరే ఎస్ఎస్ రకమే తీసుకోవాలి. త్వరగా ఆరే ఆర్ఎస్ రకంలో నీళ్లు పోస్తే డ్రమ్ములోనే గడ్డకడుతుంది.

ఏడో అడుగు: రోజు ఎంచుకోవడం

మన దగ్గర సంక్రాంతి వెళ్లాక నుంచి మార్చి ఆఖరు వరకు ఈ పనికి సరైన కాలం. అప్పటికి తుపాన్ల కాలం ముగుస్తుంది, రోడ్డు కింద తడి ఆరుతుంది, భోగి మంట కూడా అయిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎంత తక్కువకు చేస్తామన్నా ఒప్పుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరు మనది. మబ్బు లేదని పని మొదలుపెట్టే నెలలు కావవి.

జనవరిలో పొద్దున్నే మంచు, సముద్రపు తేమ రెండూ ఉంటాయి. తొమ్మిదింటి దాకా ఆగండి. రోడ్డు మీద న్యూస్‌పేపర్ పరిచి పది నిమిషాల తర్వాత తీసి చూడండి. చెమ్మ తగలకపోతే మొదలుపెట్టొచ్చు. మధ్యాహ్నం మూడు తర్వాత కొత్త ముక్క ఎత్తుకోవద్దు, చీకటి పడేలోపు ఆరాలి.

ఎనిమిదో అడుగు: ఊడవడం

దీనికి ఒక రోజంతా కేటాయించండి. మా మొదటి ప్రయత్నంలో ఇక్కడే పోయింది. పని చేసే ముఠా పొద్దున వచ్చి కొబ్బరి చీపురుతో ఒకసారి ఊడ్చి పిచికారీ మొదలుపెట్టింది. నేను పక్కనే ఉండి కూడా అడ్డుకోలేదు, రోడ్డు శుభ్రంగానే కనిపించింది మరి. మూడు నెలల తర్వాత లేచిన పొరను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే అడుగున అంతా ఎర్రగా, పట్టులా నున్నటి మట్టి. పూత అంటుకున్నది మట్టికి, రోడ్డుకు కాదు.

రెండోసారి ఇలా చేశాం. ముందు రోజు గట్టి చీపుర్లతో, అంచుల్లో వైర్ బ్రష్‌తో రుద్ది, పేరుకున్న మట్టిని నీళ్లతో కడిగేశాం. రాత్రంతా ఆరనిచ్చాం. మర్నాడు కంప్రెసర్‌తో పై నుంచి కిందికి, వాలు వెంట ఊదించాం. చివరికి తెల్లటి బట్టను తడిపి, నీళ్లు పిండేసి, రోడ్డు మీద రుద్ది చూశాను. మొదటిసారి ఎర్రగా వచ్చింది, మళ్లీ ఊదించాను. మేస్త్రీ విసుక్కున్నాడు. బట్ట దాదాపు శుభ్రంగా వచ్చేదాకా డ్రమ్ము మూత తీయనివ్వలేదు.

తొమ్మిదో అడుగు: పూత వేయడం

ముందు రోజే పాలవాళ్లకు, స్కూలు ఆటోలకు, ట్యాంకర్ వాళ్లకు చెప్పండి. కార్లు బయట పెట్టించండి. సగం రోడ్డు చొప్పున చేస్తే నడకకు దారి మిగులుతుంది. మ్యాన్‌హోల్ మూతలు, కాలువ జాలీలు ప్లాస్టిక్ షీటుతో కప్పి టేపు వేయండి. మన కాలువల్లో పడింది చివరికి సముద్రంలోకే చేరుతుంది.

డ్రమ్ము నిలవుంటే ఎమల్షన్ అడుగున పేరుకుంటుంది, నేల మీద అటూ ఇటూ దొర్లించాకే తెరవాలి. నీళ్లు కలిపేటప్పుడు ఎమల్షన్‌లో నీళ్లు పోయాలి, నీళ్లలో ఎమల్షన్ పోయకూడదు. ఫాగ్ సీల్‌కైతే ముందు ఒక మూల మీటరు పొడవు, మీటరు వెడల్పు గీసి లీటరు పోసి పరచండి. రెండు మూడు నిమిషాల్లో రోడ్డు పీల్చుకుంటే అంత మోతాదు పడుతుంది. మడుగులా నిలిచిపోతే తగ్గించుకుంటూ మరో చోట చూడండి.

చల్లినప్పుడు ఎమల్షన్ చిక్కటి కాఫీ రంగులో ఉంటుంది. కాసేపటికి అంచుల నుంచి నల్లబడుతూ వస్తుంది. పాలు విరిగినట్టు నీరు విడిపోయి తారు మిగలడమే అది. పనివాళ్లు కూడా "ఇరిగింది బాబూ" అనే అంటారు. మొత్తం నల్లగా మారి, వేలికి అంటకుండా ఉండేదాకా ఎవర్నీ నడవనివ్వకండి. స్లర్రీ అయితే ఒకే మందంలో, ఒకే వైపుకు లాగాలి. వాలు మీద కింది నుంచి పైకి వెళ్తే కిందికి జారకుండా ఉంటుంది. పరిచాక ముద్దలు సరిచేయాలని మళ్లీ మళ్లీ లాగితే, విరగడం మొదలైన పిండి చిరిగిపోతుంది. ఒక్కసారికే వదిలేయండి.

పనివాళ్లకు గ్లవ్స్, కళ్లద్దాలు మీరే కొనివ్వండి. చర్మానికి అంటితే కిరోసిన్ వద్దు, కొబ్బరినూనె రాసి సబ్బుతో కడగమనండి.

ఆ తర్వాత

ఫాగ్ సీల్ మీదికి పూర్తిగా ఆరాక, కనీసం రెండు గంటల తర్వాత బండ్లు వదలండి. చేత్తో పరిచిన స్లర్రీకి ఆ రోజంతా ఇవ్వడం మంచిది. మొదటి ఇరవైనాలుగు గంటలు ట్యాంకర్లు, చెత్త లారీలు రానివ్వకండి. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే పూత నలిగి ఊడుతుంది, కారు నడిపే ప్రతి ఇంటికీ ఈ ఒక్క మాట చెప్పండి. ఎక్కడైనా జిగటగా ఉంటే పిడికెడు క్రషర్ డస్ట్ చల్లండి.

ఇక రోడ్డుకు రంధ్రాలు పెట్టేవి మన వేడుకలే. వినాయక చవితి పందిరికి, పెళ్లి షామియానాకు ఇనప గూటాలు తారులోకి దిగ్గొడతారు. పందిరి తీసేశాక ఆ రంధ్రం అలాగే ఉంటుంది, నీరు నేరుగా కంకరలోకి దిగుతుంది. పందిరి వేసేవాళ్లకు ముందే చెప్పి, గుంజలను ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెట్టించండి. కుళాయి కనెక్షన్‌కో కేబుల్‌కో రోడ్డు కోస్తే అనుమతి కాగితం చూడండి. పూడ్చేటప్పుడు పొరపొరకూ దిమ్మిస కొట్టించి, కోసిన అంచుల వెంట ఎమల్షన్ పోయించండి.

భోగికి ముందు రోజు సాయంత్రం పిల్లలతో కలిసి జానెడు మందాన ఇసుక పోసి, దాని మీద ఇటుకలు పేర్చి, ఆ పైన మంట వేయించండి. మా వీధిలో ఇప్పుడు ఇసుక మోసే పని పిల్లలే చేస్తున్నారు. కనుమ నాడు ఆ ఇసుక ఎత్తేస్తే కింద నల్లటి రోడ్డు అలాగే ఉంటుంది.